1969 షెవర్లే సి10: పాత పికప్‌లో కొత్త ఇంజిన్, మధ్యలో నా పొరపాటు

డాలస్‌కి గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో నాకు షెడ్డు ఉంది. రోజూ చేసేది మామూలు రిపేర్లే. ఏడాదికి ఒకటో రెండో పాత బండ్లు మాత్రం నట్టు నట్టూ విప్పి మళ్ళీ కడతాను. ఇది అలాంటి ఒక బండి సంగతి. ఎనిమిది నెలల్లో ఇస్తానని ఒప్పుకున్నాను, పద్నాలుగు పట్టింది.

బండి ఓనరు రిటైరైన స్కూల్ టీచరు. వాళ్ళ నాన్న కొన్న ట్రక్కు అది. ఆయన పోయాక పదకొండేళ్ళు కొట్టంలో గడ్డి మోపుల పక్కనే నిలబడిపోయింది. ఏం కావాలో ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. "తాళం తిప్పగానే స్టార్ట్ అవ్వాలి. తొక్కగానే ఆగాలి. జులైలో ఏసీ పనిచెయ్యాలి. నా మనవరాలికి క్లచ్ తొక్కడం రాదు, కాబట్టి ఆటోమేటిక్ పెట్టండి. చూడ్డానికి మాత్రం మా నాన్న బండిలానే ఉండాలి."

మొదటి నాలుగూ డబ్బుతో అయిపోతాయి, కష్టమల్లా ఆ చివరి మాటతోనే అని ఆరోజే చెప్పాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

ఈ తరహా పనిని ఇక్కడ రెస్టోమాడ్ అంటారు. పాతదాన్ని బాగుచేస్తూనే లోపల కొత్త కాలపు సామాను ఎక్కించడం. యూట్యూబ్‌లో చూస్తే ఇంజిన్ దించడమే పెద్ద ఘట్టంలా ఉంటుంది. నిజానికి ఇంజిన్ కొనడం ఒక పూట, దించడం రెండు రోజులు. మిగతా నెలలన్నీ పాతా కొత్తా కలిసే చోట్ల ఖర్చయిపోతాయి. ఈ బండి నన్ను ఏడిపించిందీ అక్కడే.

బండి వచ్చేనాటికి

1967 నుంచి 1972 దాకా వచ్చిన సి10 లకి అమెరికాలో ఇప్పటికీ మంచి గిరాకీ. లక్షల్లో తయారయ్యాయి, విడిభాగాలు దాదాపు అన్నీ ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతాయి. పైగా నడక మరీ మోటుగా ఉండదు. వెనక కమాన్ పట్టీలకు బదులు కాయిల్ స్ప్రింగులు, ఇరుసును పట్టుకుని ముందుకు సాగే రెండు పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఉంటాయి. ఆ ఆర్మ్‌ల సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తాయి.

నేను ఏ పాత బండినైనా ముందు చదువుతాను, తరవాతే విప్పుతాను. డ్రైవర్ తలుపు స్తంభం మీది నంబరు సి, ఎస్, 1, 4, 9, ఎస్ అని మొదలవుతోంది. సి అంటే రెండు చక్రాల డ్రైవ్, మొదటి ఎస్ అంటే ఆరు సిలిండర్లు, 1 అంటే అర టన్ను, 4 అంటే పికప్, 9 అంటే 1969, రెండో ఎస్ అంటే సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ. గ్లవ్ బాక్స్ మూత లోపల కాగితం ఇంకా అతుక్కునే ఉంది. ఫ్యాక్టరీలో ఆ బండికి ఏమేం బిగించారో అందులో ఉంటుంది. దాని ప్రకారం 250 క్యూబిక్ అంగుళాల, అంటే 4.1 లీటర్ల ఇంజిన్, స్టీరింగ్ కాలమ్ మీద మూడు గేర్లు, వెనక ఇరుసు నిష్పత్తి 3.73, అంటే షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఎనిమిది అడుగుల పొడుగు తొట్టి. ఈమధ్య ఈ పొడుగు ట్రక్కుల ఛాసిస్ కోసి పొట్టివి చెయ్యడం ఫ్యాషనైపోయింది. నాకది నచ్చదు. ఆవిడా అడగలేదు, బతికాను.

ఇంజిన్ పట్టేసింది. విప్పి బోరు చేయిస్తే మళ్ళీ నడుస్తుంది, ఆ ఆరు సిలిండర్ల ఇంజిన్ చాలా గట్టిది. ఆ మాట ఆవిడకి దాచలేదు. దాన్ని వదలడానికి అసలు కారణం ఇంజిన్ కాదు, గేర్ బాక్స్. 28 అంగుళాల టైరుతో, 3.73 ఇరుసుతో గంటకి 70 మైళ్ళు వెళ్ళాలంటే పాత మూడో గేరులో ఇంజిన్ నిమిషానికి 3,130 చుట్లు తిరగాలి. 4ఎల్60ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో టాప్ గేరు నిష్పత్తి 0.70. అదే వేగానికి 2,190 చాలు. హైవే మీద గంటసేపు కూర్చుంటే ఆ తేడా చెవులకి తెలుస్తుంది. ఆ గేర్ బాక్స్‌ని కంప్యూటర్ నడపాలి. కంప్యూటర్ ఎలాగూ పెడుతున్నప్పుడు దానికి తగ్గ ఇంజినే పెడితే పోతుంది.

అలా 2002 సిల్వరాడో (అదీ షెవర్లే పికప్పే) నుంచి తీసిన 5.3 లీటర్ల వీ8 వచ్చింది. దాని రేటింగ్ 285 హార్స్‌పవర్. పాతదానికి 155 అని రాసేవాళ్ళు, అదీ ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు లాంటివి లేకుండా బెంచి మీద కొలిచిన లెక్క. చక్రాల దగ్గరికి చేరేది అంతకన్నా తక్కువే.

తుప్పు

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది. ఇంటర్ సెలవుల్లో అక్కడే పడుండేవాణ్ణి. రేకు మీద వేలి గణుపుతో టకటకా కొట్టి, "ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా పుట్టీ రా" అని సుద్దముక్కతో గీత గీసేవాడు. నాకు ఆ చెవి రాలేదు, పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూస్తాను. ఈ బండి క్యాబిన్ వెనక మూలలు రెండింటి దగ్గరా అయస్కాంతం జారి చేతిలో పడింది. కింద పుట్టీ అర అంగుళం మందం, దాని వెనక రేకే లేదు.

ఈ తరం సి10 లలో తుప్పు ఎక్కడ పడుతుందో చూడకుండా చెప్పొచ్చు. అద్దం ముందున్న జల్లెడలోంచి ఆకులు లోపల పడి కుళ్ళి, నీళ్ళు పోయే దారి మూసేస్తాయి. వాననీళ్ళు కాళ్ళ దగ్గరికి దిగి, నేల రేకునీ తలుపు కింది రాకర్ ప్యానెళ్ళనీ లోపలి నుంచి తినేస్తాయి. బయట పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఈ బండిలో కుడివైపు నేల రేకుని స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడంలా విరిగింది.

రాకర్లు కోసే ముందు తలుపు సందులో అడ్డంగా, ఐమూలగా ఇనప గొట్టాలు వెల్డ్ చేస్తాను. లేకపోతే కోసిన మరుక్షణం క్యాబిన్ రెండు మిల్లీమీటర్లు వంగుతుంది, ఆ తరవాత తలుపు జన్మలో సరిగ్గా పడదు. కొత్త రేకుని అక్కడక్కడా చిన్న చుక్కలుగా వెల్డ్ చేశాక తలుపు వేసి, సందు కొలిచి, అప్పుడే పూర్తి వెల్డింగ్. ఆ కాలపు పెయింటులో సీసం ఉండొచ్చు కాబట్టి గీకేటప్పుడు మాస్కు తీయను. పాత బ్రేకు డ్రమ్ముల్లో ఆస్బెస్టాస్ దుమ్ము ఉంటుంది, ఎయిర్ పెట్టి ఊదకూడదు, తడిపి తుడవాలి.

పెయింటు దగ్గర ఒక చిన్న గొడవ. డ్రైవర్ కిటికీ అంచు మీద వాళ్ళ నాన్న మోచెయ్యి ఆనించి ఆనించి, జానెడు మేర రంగు పోయి ఇనుము తేలింది. దాన్ని అలాగే ఉంచమన్నారు. కొత్త పెయింటు మధ్యలో అది మచ్చలా ఉంటుందని చెప్పి చూశాను. "ఉండనివ్వండి" అన్నారు. మెరుపు లేని క్లియర్ కోటు రెండుసార్లు కొట్టి వదిలేశాను. బండి చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ముందు దాని గురించే అడుగుతున్నారు. నాకు మాత్రం అది ఇప్పటికీ మచ్చే.

ముందు ఆగాలి

285 హార్స్‌పవర్ పెట్టే ముందు బ్రేకులు. సి10 లకి ముందు చక్రాల డిస్కులు మామూలుగా వచ్చింది 1971 నుంచి, మనది 1969, నాలుగూ డ్రమ్ములే. 1971లోనే చక్రాల బోల్టులు కూడా ఆరు నుంచి ఐదుకి మారాయి. తెలియక 1971 బండి ముందు చక్రాల భాగాలు తెచ్చి బిగిస్తే ముందు చక్రాలకి ఐదు, వెనక చక్రాలకి ఆరు బోల్టులు అవుతాయి, స్టెప్నీ ఒకవైపే పనికొస్తుంది. అందుకని ఆరు బోల్టుల డిస్క్ కిట్ తెప్పించాను. పాత రిమ్ములు ఎక్కిస్తే డిస్కుని పట్టే కాలిపర్‌కి రాసుకున్నాయి. అచ్చం అలాగే కనిపించే కొత్త ఇనప రిమ్ములు కొని, పాత హబ్‌క్యాపులు వాటికే పెట్టాను.

ఒకటి మాత్రం వివరంగా చెప్పాలి. డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్ లోపల మామూలుగా ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. కాలు తీసినా గొట్టంలో పది పీఎస్ఐ దాకా ప్రెషరు మిగిల్చి ఉంచుతుంది. డ్రమ్ముకి అది కావాలి. అదే డిస్కుకి తగిలిస్తే ప్యాడ్ ఎప్పుడూ కొంచెం పట్టుకునే ఉంటుంది, నాలుగు మైళ్ళకే చక్రం వేడెక్కి కమురు వాసన వస్తుంది. మాస్టర్ సిలిండరు, ముందు వెనక బ్రేకులకి ప్రెషరు పంచే ప్రపోర్షనింగ్ వాల్వ్ రెండూ ముందు డిస్కు, వెనక డ్రమ్ముకి తగినవే వేశాను. వాటితోపాటు బూస్టరు, పవర్ స్టీరింగ్, మూడు చోట్ల బిగించే సీటు బెల్టులు కూడా అయ్యాయి.

పాతా కొత్తా కలిసే చోట్లు

ఇంజిన్ మౌంట్లకి అడాప్టర్ ప్లేట్లు దొరుకుతాయి, అది సమస్య కాదు. సిల్వరాడో ఆయిల్ చాంబరు లోతు ఎక్కువ, సి10 ఛాసిస్ అడ్డపట్టీ (క్రాస్‌మెంబర్) దగ్గర కుదరదు. లోతు తక్కువది వేస్తే లోపలి ఆయిల్ పికప్ గొట్టం కూడా మార్చాలి. ఆ గొట్టం మూతి దగ్గర ఓ రింగ్ ఉంటుంది. అది సైజు తప్పితే పంపు ఆయిల్‌తో పాటు గాలి లాగుతుంది, మీటరులో ఆయిల్ ప్రెషరు పడిపోతుంది. రూపాయి ముక్కంత కూడా లేని ఆ రింగు కోసం చాంబరు మళ్ళీ దించాల్సి వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

పెట్రోలు సంగతి ఇంకా పెద్దది. కార్బురేటరుకి నాలుగైదు పీఎస్ఐ చాలు, ఈ ఇంజిన్‌కి 58 కావాలి. పాత రబ్బరు గొట్టాల్లో ఆ ప్రెషరు పెట్టడం అంటే నిప్పుతో చెలగాటం. పైగా 1967 నుంచి 72 దాకా ఈ ట్రక్కుల్లో ట్యాంకు ఉండేది సీటు వెనక, క్యాబిన్ లోపలే. వీపుకి ఆనుకుని ఇరవై గ్యాలన్ల పెట్రోలు. దాన్ని తీసేసి తొట్టి కింద, ఛాసిస్ పట్టాల మధ్య కొత్త ట్యాంకు కట్టాను. పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. ప్రెషరు సరిచెయ్యడానికి సి5 కార్వెట్ అనే షెవర్లే స్పోర్ట్స్ కారు ఫిల్టరు వాడాను, రెగ్యులేటరు అందులోనే ఉంటుంది, సరిగ్గా 58 దగ్గర ఆపి మిగతాది ట్యాంకుకి తిప్పి పంపుతుంది. క్యాబిన్ పక్కనున్న పాత పెట్రోలు మూత మాత్రం తియ్యలేదు. దాని వెనక ఇప్పుడేమీ లేదు, ఉత్త అలంకారం.

బండి వాళ్ళ నాన్నదానిలానే ఉండాలన్నారు కదా, అంటే మీటర్లూ పాతవే. పాత పెట్రోలు మీటరుకి 0 నుంచి 90 ఓమ్‌ల సెండర్ (మీటరు ముల్లుకి కొలత పంపే భాగం) కావాలి, కొత్త ట్యాంకులో అదే వేశాను. కొత్త ఇంజిన్‌లో వేడి కొలిచే సెన్సరు కంప్యూటరుతో మాట్లాడుతుంది గాని పాత ముల్లుతో మాట్లాడదు. ఆ ముల్లు కోసం ఇంకో హెడ్డులోని మూత తీసి పాత రకం సెండర్ పెట్టాలి. ఇటు మెట్రిక్ మర, అటు అంగుళాల మర, మధ్యలో ఒక ఇత్తడి అడాప్టరు. స్పీడోమీటరుది ఇంకో కథ. పాతది కేబుల్‌తో తిరుగుతుంది, కొత్త గేర్ బాక్స్‌లో కేబుల్ పెట్టే చోటే లేదు, కరెంటు సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్ చూసి చిన్న మోటారుతో కేబుల్‌ని తిప్పే డబ్బా ఒకటి అమ్ముతారు. డ్యాష్‌బోర్డు వెనక అది కూర్చుంది.

వైరింగ్ మొత్తం కొత్తదే. ఎక్కువమంది దెబ్బతినేది ఎర్త్ దగ్గర. క్యాబిన్ రబ్బరు దిండ్ల మీద కూర్చుంటుంది, ఛాసిస్‌కి కొత్తగా మందంగా పెయింటు వేసి ఉంటుంది, కాబట్టి కరెంటు తిరిగి వెళ్ళే దారి ఉండదు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కి పెయింటు గీకి మరీ తీగలు వేశాను. డైనమో మీద ఎల్ అనే పిన్ను ఉంటుంది, దానికి నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తే లోపలి రెగ్యులేటరు కాలిపోతుంది, మధ్యలో బల్బో రెసిస్టరో ఉండాలి. కంప్యూటరులో దొంగల తాళం తీయించడం మర్చిపోతే ఇంజిన్ స్టార్టయి రెండు సెకన్లలో చచ్చిపోతుంది. ఇవన్నీ ఇదివరకే తిన్న దెబ్బలు కాబట్టి ఈసారి తప్పించుకున్నాను. ఏసీ కిట్, పెద్ద రేడియేటరు, కరెంటు ఫ్యాన్లు బిగించడం మామూలు పనే, దాని గురించి రాయడానికేం లేదు.

హోరు

పన్నెండో నెల చివర బండి మొదటిసారి హైవే ఎక్కింది. 45 దాకా హాయిగా ఉంది. 55 దాటగానే నేలలోంచి సన్నటి హోరు మొదలైంది. 60 దగ్గర అద్దం అదురుతోంది, సీటు కింద తేనెటీగల పట్టు ఉన్నట్టుంది.

టైర్లే అనుకున్నాను. నాలుగూ మళ్ళీ బ్యాలెన్స్ చేయించాను. తేడా లేదు. తరవాత గేర్ బాక్స్ నుంచి వెనక ఇరుసుని తిప్పే జాయింట్ షాఫ్ట్ మీద అనుమానం వచ్చింది. పొడుగు బండి కాబట్టి అది రెండు ముక్కలు, మధ్యలో బేరింగు. కొత్త గేర్ బాక్స్ పాతదానికన్నా పొడవు, అందుకని ముందు ముక్కని పొట్టి చేయించాను. ఆ కోతలో ఏదో తేడా వచ్చి ఉంటుందని రెండు ముక్కలూ ఊడదీసి బ్యాలెన్స్‌కి పంపాను. తొమ్మిది రోజుల తరవాత వచ్చాయి. బిగించి చూస్తే హోరు హోరులానే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఒప్పుకున్న గడువు దాటి అప్పటికే నాలుగు నెలలు.

మర్నాడు మొదటే చెయ్యాల్సిన పని చేశాను. కంపనం కొలిచే యాప్ ఫోన్‌లో వేసి, ఫోన్‌ని సీటు పట్టాకి టేపుతో అంటించాను. ఖాళీ రోడ్డు మీద 60 దగ్గర న్యూట్రల్ చేశాను. ఇంజిన్ చప్పుడు తగ్గిపోయింది, హోరు తగ్గలేదు. అంటే ఇంజిన్ కాదు. యాప్‌లో గీత 90 హెర్ట్జ్ దగ్గర నిటారుగా లేచింది.

పక్కకి ఆపి కాగితం మీద లెక్క వేశాను. 60 మైళ్ళ వేగంలో 28 అంగుళాల టైరు నిమిషానికి 720 చుట్లు, సెకనుకి 12. టైరు తప్పయితే గీత 12 దగ్గర రావాలి. షాఫ్ట్ అంతకి 3.73 రెట్లు, సెకనుకి సుమారు 45. బ్యాలెన్స్ తప్పయితే 45 దగ్గర రావాలి. వచ్చింది 90. అంటే షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే రెండు దెబ్బలు. ఒక చుట్టుకి రెండు దెబ్బలు కొట్టేది షాఫ్ట్ చివర వంగి తిరగనిచ్చే కీలు, అంటే జాయింట్ క్రాస్ ఒక్కటే, అదీ దాని కోణం తప్పినప్పుడు.

క్రాస్ వంపులో తిరిగినప్పుడు అవతలి వైపు ఒకే వేగంతో తిరగదు, చుట్టులో రెండుసార్లు ముందుకి ఉరికి రెండుసార్లు వెనకబడుతుంది. షాఫ్ట్ రెండో చివర ఇంకో క్రాస్ అదే కోణంలో ఉంటే ఆ ఒడుదొడుకు రద్దయిపోతుంది. కోణాలు సరిపోకపోతే మిగిలింది హోరుగా పైకి వస్తుంది.

షెడ్డుకి తెచ్చి, చక్రాలు నేల మీద ఉండగానే కోణాలు కొలిచాను. గేర్ బాక్స్ వెనకవైపుకి 3 డిగ్రీలు దిగి ఉంది, సరే. ముందు షాఫ్ట్ దాదాపు అంతే, సరే. వెనక ఇరుసు పినియన్ (షాఫ్ట్ వచ్చి తగిలే పళ్ళ చక్రం) మూతి సుమారు 3 డిగ్రీలు పైకి చూస్తూ ఉండాలి. అది అర డిగ్రీ కిందికి చూస్తోంది.

నాలుగు నెలల కిందట నేనే కొలిచి 3 డిగ్రీలని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పేజీ ఎదురుగానే ఉంది. మధ్యలో ఏం జరిగిందో అప్పుడు వెలిగింది. బండి సగంలో ఉన్నప్పుడు ఆవిడ వచ్చి క్యాబిన్ ఎక్కబోయి మోకాలు పట్టుకుని ఆగిపోయారు. "కొంచెం కిందికి దించగలరా?" అన్నారు. ముందు రెండు అంగుళాలు, వెనక మూడు అంగుళాలు తగ్గే స్ప్రింగులు వేశాను. ముందు చక్రాల అలైన్‌మెంట్ చూపించాను. వెనక ఏమీ చూడలేదు. వెనక కమాన్ పట్టీలుంటే ఇంత తేడా వచ్చేది కాదు. ఇక్కడ ఇరుసు ట్రెయిలింగ్ ఆర్మ్‌లకి బిగించి ఉంటుంది. బండి కిందికి దిగితే ఇరుసు వైపు ఆర్మ్ పైకి లేస్తుంది, దాంతోపాటు పినియన్ మూతి నేలకేసి వంగుతుంది. మూడు అంగుళాలకి మూడున్నర డిగ్రీలు పోయింది.

మందు చాలా చవక. ఆర్మ్‌కీ ఇరుసుకీ మధ్య పెట్టే 3 డిగ్రీల ఉక్కు చీలికలు రెండు, మందం వైపు ముందుకి. బిగించాక పినియన్ రెండున్నర పైకి వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ మూతి ఇంకాస్త లేస్తుంది కాబట్టి అర డిగ్రీ కావాలనే వదిలాను. సాయంత్రం అదే రోడ్డు, 60, 65, 70. టైరు చప్పుడు తప్ప ఏమీ లేదు. టైర్లకీ షాఫ్ట్‌కీ అయిన ఖర్చు నా జేబులోంచే పోయింది, బిల్లులో వెయ్యలేదు. ఇప్పుడు ఎత్తు మార్చిన ప్రతి బండికీ నోటుబుక్కులో పాత కోణాన్ని కొట్టేసి, కొత్తది కొలిచేదాకా ఆ గడి ఖాళీగా ఉంచుతున్నాను.

బండి అప్పగించే రోజు ఆవిడ బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు. "నాన్నకి ఈ ఇంజిన్ నచ్చేది కాదు" అన్నారు. కాసేపాగి, "ఏసీ నచ్చేది" అన్నారు. పేపర్ల పని పెద్దగా లేదు, టెక్సాస్‌లో 24 ఏళ్ళు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. తలుపు స్తంభం మీది నంబరు మాత్రం ఆరు సిలిండర్లనే చెబుతోంది, ఎప్పటికీ అదే చెబుతుంది.

500 మైళ్ళకి చెకింగ్‌కి రమ్మన్నాను. మనవరాలు నడుపుకుంటూ తీసుకొచ్చింది. సీటు వెనక ట్యాంకు ఉండిన ఖాళీలో రెండు మడత కుర్చీలు, ఒక గొడుగు. పెట్రోలు ముల్లు ఖాళీ అని చూపించాక కూడా మూడు గ్యాలన్లు మిగులుతోందని చెప్పింది. అది సెండర్ చెయ్యి కొంచెం వంచితే పోతుంది, తరవాతి సర్వీసులో చూద్దామన్నాను. తరవాత బండి కింద దూరి చీలికల దగ్గరి యూ బోల్టులకి పానా పెట్టి చూశాను. మూడు కదల్లేదు. ఎడమవైపు ముందరిది పావు చుట్టు తిరిగింది.